రెండో సర్వరు ఉన్నా ఫోను కలవని రోజు

తమిళనాడులోని ఆండిపట్టి పక్కనే, క. విలక్కులో, తేని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అయినా ఆండిపట్టిలో 108 నొక్కితే మోగేది దాదాపు 500 కిలోమీటర్ల అవతల చెన్నైలో. నాయకరాజుల కాలంలో వచ్చి స్థిరపడి, ఇంట్లో నేటికీ తెలుగే మాట్లాడే కుటుంబాలు కూడా అడ్రసు ఆ చెన్నై గొంతుకే చెప్పుకోవాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ 2008లో తమిళనాడుకు వచ్చింది. ఒకే కేంద్రం పెట్టడాన్ని తప్పుపట్టను. ఏ అంబులెన్సు ఎక్కడ ఖాళీగా ఉందో ఒకచోట కూర్చుంటేనే కనిపిస్తుంది. ఆఫీసు ఫోన్లదీ ఇదే దారి. ఒకప్పుడు ఏ ఆఫీసు ఎక్స్ఛేంజి పెట్టె ఆ ఆఫీసులోనే ఉండేది. ఇప్పుడు చాలా బ్రాంచీల ఫోన్లు ఎక్కడో ఉన్న హెడ్డాఫీసు సర్వరు మీద నడుస్తున్నాయి. రోడ్డు పనుల జేసీబీ ఒక్క కేబులు తెంపితే బల్లమీది ఫోను ఆటబొమ్మే. అందుకే రెండో సర్వరు, బ్రాంచిలోనే లోకల్ లైను పట్టుకునే గేట్‌వే పుట్టుకొచ్చాయి.

అయితే రెండోది కొన్నంత మాత్రాన కాల్ కలవదు. 2014 ఏప్రిల్ 9 రాత్రి అమెరికాలో, అత్యవసర నంబరు 911 కాల్స్‌ను చేరవేసే కొలరాడోలోని ఎంగిల్‌వుడ్ కేంద్రంలో, కాల్స్‌కు వరుస నంబర్లిచ్చే సాఫ్ట్‌వేరు ముందే పెట్టిన హద్దును తాకి ఆగిపోయింది. 7 రాష్ట్రాల్లో 6,600కు పైగా 911 కాల్స్ అందలేదు. మయామిలో రెండో కేంద్రం నిక్షేపంగా ఉంది. పని దానికి అప్పజెప్పాలని యంత్రానికి తెలియలేదు, మనుషులకు ఆలస్యంగా తెలిసింది. 1937 నుంచి అత్యవసర నంబరు 999 నడుపుతున్న బ్రిటన్ అనుభవం ఇంకా చేదు. 2023 జూన్ 25న ఆ కాల్స్ అందుకునే బీటీ సంస్థ వ్యవస్థ పడిపోయినప్పుడు, బ్యాకప్‌కు మారే మొదటి ప్రయత్నమే బెడిసికొట్టింది. ఎలా మారాలో సరిగా రాసి పెట్టుకోలేదు మరి! దాదాపు 14,000 కాల్స్ కలవలేదు. మరుసటి ఏడు నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 1.75 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది.

జేబులో సెల్లుండగా ఈ గొడవంతా ఎందుకంటారా? కళ్లముందు మనిషి కుప్పకూలినప్పుడు చేతికందిన బల్లమీది ఫోనే ఎత్తుతాం. సిగ్నలు అందని బేస్‌మెంటులో అయితే అదొక్కటే గతి. చిన్న ఆఫీసుకు రెండో సర్వరు మోయలేని ఖర్చన్న మాట నిజమే. వాళ్లకు ఒక మామూలు ల్యాండ్‌లైను చాలు. రెండో సర్వరు ఉన్నవాళ్లు మాత్రం ఒక ఆదివారం మొదటి సర్వరును ఆపండి. 108 వాళ్లకు ముందే చెప్పి, రిసెప్షన్ ఫోను నుంచి కాల్ చేసి చూడండి.