ముహూర్తం పెట్టి వెళ్లిన దేశం: కామన్వెల్తు వెలుపల బర్మా, రంగం తెలుగువాళ్లు, జనక్‌పురి చిన్‌లు

1948 జనవరి 4న తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకు బర్మా స్వతంత్రమైంది. ఆ ఘడియను జ్యోతిష్కులు నిర్ణయించారు. అదే ఘడియలో బర్మా బ్రిటిష్ కామన్వెల్తుకూ వెలుపలిదైంది. భారత్, పాకిస్తాన్, సిలోన్ కూటమిలోనే ఉండగా బర్మా మాత్రం బయటి దారి పట్టింది. కామన్వెల్తులో సభ్యదేశంగా కూర్చున్నాక లేచి వెళ్లింది కాదు కనుక దీన్ని 'నిష్క్రమణ' అనరాదని న్యాయశాస్త్ర పండితులు వాదించవచ్చు. కానీ ముందురోజు దాకా బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న లక్షలమంది హోదా ఆ ఉదయానికి మారిపోయింది. ఈ వ్యాసం పట్టించుకునేది వాళ్లను. వాళ్లలో కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఓడెక్కి రంగం (రంగూన్) పోయిన తెలుగువాళ్లున్నారు. పశ్చిమ ఢిల్లీ జనక్‌పురి చుట్టుపక్కల అద్దె గదుల్లో నేడు కాలం వెళ్లదీస్తున్న చిన్ కొండజాతి శరణార్థుల తాతముత్తాతలూ ఉన్నారు.

ఒక కూటమి నుంచి దేశం వైదొలగడానికి తేదీ ఉంటుంది. అందులో బతుకుతున్న మనిషి హోదా తేలడానికి అలాంటి తేదీ ఉండదు. అది ఏళ్లూ తరాలూ సాగుతుంది. ఈ రెండింటి మధ్య ఎడాన్ని నిష్క్రమణకు ముందే చట్టంతో పూడ్చకపోతే భారం పడేది కాగితాలు లేనివాడి మీదే అన్నది నా ప్రతిపాదన. బర్మా కథను మతాల గొడవగానో, చెట్టియార్ల వడ్డీ వ్యాపారం మీద రైతుల ఆగ్రహంగానో చెప్పి ముగించడం మనకు అలవాటైంది. అవి నిజాలే. కానీ తెలుగు కూలీ ఎందుకు పరాయివాడయ్యాడో అవి పూర్తిగా చెప్పవు. అతని చేతిలో పొలమూ లేదు, వడ్డీ పద్దూ లేదు.

రంగం రాకపోకలు

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా వాళ్లే. దేశం మొత్తమ్మీద తెలుగు మాట్లాడేవాళ్లు లక్షా అరవై వేల చిల్లర. రేవులో బస్తాలు మోసేది, బియ్యం మిల్లుల్లో పనిచేసేది, రిక్షా లాగేది, నగరం పాకీపని చేసేది ఎక్కువగా వీళ్లే. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు వీళ్లను కోరంగీలనేవారు. మేస్త్రీ ఊళ్లో అడ్వాన్సు ఇచ్చి, డెక్కు టిక్కెట్టు కొని తీసుకెళ్లేవాడు. రెండు మూడేళ్లు పనిచేసి, అప్పు తీర్చి, నాలుగు రూపాయలు వెనకేసుకుని ఊరికి రావడం, పెళ్లో పంటో చూసుకుని మళ్లీ ఓడెక్కడం, ఇదీ వాళ్ల జీవనక్రమం. వెళ్లినవాళ్లలో అత్యధికులు మగవాళ్లు. ఇల్లు శ్రీకాకుళం వైపు, పొట్ట రంగంలో. ఈ రాకపోకల క్రమాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాతి చట్టాలన్నీ దీనికే అడ్డం తగిలాయి.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె కట్టారు. స్టీమరు కంపెనీల తరఫువాళ్లు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను దింపారు. తీరా సమ్మె పరిష్కారమై పాతవాళ్లను తిరిగి రమ్మనేసరికి, కొత్తగా చేరినవాళ్లకు ఆ ఉదయం పని లేకుండా పోయింది. మే 26న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. బర్మా బర్మీయులదేనంటూ దోబమా ఆసియాయోన్ ఉద్యమం పుట్టింది ఈ నెత్తుటి నేపథ్యంలోనే. రెండు పేదవర్గాలను ఒకే రేవు మెట్ల మీద ఎదురెదురుగా నిలబెట్టిన యజమానులు మాత్రం ఏ వర్గపు చరిత్రలోనూ ప్రధాన ముద్దాయిలు కాలేదు.

ఓటు ఒకటి, ఫలితం ఒకటి

బర్మాకు 1948 రెండో నిష్క్రమణ. మొదటిది 1937 ఏప్రిల్ 1న, బ్రిటిష్ ఇండియా నుంచి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం దాన్ని విడదీసింది. అంతకుముందు 1932 నవంబరు ఎన్నికలు దాదాపు ఈ ఒక్క ప్రశ్న మీదే జరిగాయి. బా మా, చిట్ లైంగ్‌ల నాయకత్వంలోని వేర్పాటు వ్యతిరేక పక్షం గెలిచింది. వాళ్లకు భారతదేశం మీద ప్రేమ పొంగిపొర్లిందని కాదు. విడిపోతే ఇండియాకు దక్కే రాజ్యాంగ సంస్కరణలు తమకు దక్కవేమోనన్న అనుమానం వాళ్లది. గెలిచాక శాసనమండలి ఏ సంగతీ తేల్చకుండా నాన్చింది, లండన్ విభజన వైపే మొగ్గింది. 2016 జూన్ 23న 51.9 శాతం ఓట్లతో యూరోపియన్ యూనియన్ వద్దన్న బ్రిటన్‌లో ప్రజాతీర్పు పవిత్రతను గురించి జరిగిన చర్చ మనం చూశాం. అదే బ్రిటన్ అప్పటికి ఎనిమిది దశాబ్దాల క్రితం బర్మా ఓటరు తీర్పును పక్కన పెట్టింది.

విభజన తరువాత మూడేళ్లు వలస నిబంధనలు యథాతథంగా ఉంచారు. ఆపైన బాక్స్‌టర్ కమిషన్ విచారణ, దాని వెనుక 1941 జూలైలో భారత్–బర్మా వలస ఒప్పందం వచ్చాయి. పాస్‌పోర్టు, పర్మిట్, రుసుము అన్న మాటలు బంగాళాఖాతం దాటే కూలీ జీవితంలోకి అప్పుడే ప్రవేశించాయి. ఎంతకాలంగా ఉంటున్నావన్నదాన్ని బట్టి భారతీయులను తరగతులుగా విడగొట్టారు. భారతదేశంలో నిరసన లేచింది, గాంధీజీ కూడా తప్పుపట్టారు. ఒప్పందం అమలుకు నోచుకోకుండానే 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అటుపైన తౌంగుప్ కనుమ మీదుగా అరకాన్‌కు, తమూ మీదుగా ఇంఫాల్‌కు నాలుగైదు లక్షలమంది నడక సాగించారు. వేలకు వేలమంది దారిలోనే రాలిపోయారు. ఓడలో చోటు డబ్బున్నవాడికి దొరికింది, నడక కూలీకి మిగిలింది. చరిత్రకారుడు హ్యూ టింకర్ 1975లో దీన్ని మరుపున పడ్డ మహాప్రస్థానంగా వర్ణిస్తూ వ్యాసం రాశారు. తెలుగు పాఠ్యపుస్తకాల సంగతి నన్ను అడక్కండి.

ఎనిమిదేళ్ల లెక్క

1947 బర్మా రాజ్యాంగం పదకొండో సెక్షన్ చదివితే అది కఠినమైన చట్టంలా కనిపించదు. బ్రిటిష్ రాజ్యంలో పుట్టి, స్వాతంత్ర్యానికి ముందు పదేళ్లలోగానీ, 1942 జనవరి 1కి ముందు పదేళ్లలోగానీ కనీసం ఎనిమిదేళ్లు బర్మాలో ఉండి, ఇకపైనా అక్కడే ఉంటానన్నవాడు పౌరసత్వం ఎంచుకోవచ్చు. యుద్ధం వల్ల పారిపోయినవాళ్లకు అన్యాయం జరగకూడదనే 1942 తేదీ పెట్టారనుకోవాలి. ఆ మేరకు రాజ్యాంగకర్తల ఉదారతను ఒప్పుకోవాలి.

చిక్కంతా లెక్కలో ఉంది. మూడేళ్లకోసారి ఊరొచ్చి ఏడాది ఉండిపోయే రేవు కూలీకి పదేళ్లలో ఎనిమిదేళ్లు పూర్తికావు. పూర్తయినా రుజువేది? అతని ఉద్యోగానికి నియామకపత్రం లేదు. పేరు మేస్త్రీ పద్దులో ఉంది, మేస్త్రీ 1942లో ఎటు పోయాడో తెలియదు. ఉన్న ఒకటో రెండో కాగితాలు నడకలో పోయాయి. యుద్ధానంతరం తిరిగి వెళ్దామంటే 1947 జూన్‌లో వచ్చిన అత్యవసర వలస చట్టం పర్మిట్ అడిగింది. పైగా, ఇకపై శాశ్వతంగా ఇక్కడే ఉంటానని ప్రకటించమంటే, ఊళ్లో భార్యాపిల్లలున్నవాడు ఏం చెబుతాడు? చట్టం ఇచ్చిన ఎంపిక నిజమైనదే, అది స్థిరనివాసి కోసం రాసింది. రాకపోకలే బతుకైనవాడికి అందులో గడి లేదు. తరువాత విదేశీయుల రిజిస్ట్రేషన్ పత్రమే చాలామంది చేతికి మిగిలింది.

ప్రవాస భారతీయులు తామున్న దేశపు పౌరసత్వం తీసుకోవాలని, లేదా విదేశీయులుగా మంచి నడవడితో ఉండాలని నెహ్రూ పదేపదే చెప్పేవారు. సిద్ధాంతంగా అది సరైనదే. కొత్తగా స్వతంత్రమైన పొరుగు దేశం మీద ఢిల్లీ పెద్దరికం చెలాయించకూడదన్న పట్టింపు ఆయనది. 1951 జూలై 7న కుదిరిన స్నేహ ఒప్పందంలోనూ ఆ ధోరణే ఉంది. కానీ రెండు తీరాల మీదా ఒక్కో కాలు పెట్టి బతికే శ్రామికుడు ఆ విధానంలో ఎవరికీ చెందలేదు. ఇది విధాన లోపమే. సదుద్దేశం దాన్ని మాఫీ చేయదు.

రాజకీయంగా చూస్తే బర్మా నిర్ణయంలో విచిత్రం కాలానిది. అప్పట్లో కామన్వెల్తు సభ్యత్వమంటే బ్రిటిష్ రాజుకు విధేయత. గణతంత్రం కోరుకున్న స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఆంగ్‌సాన్ పక్షానికి, 1947 జూలై 19న ఆయన హత్య తరువాత పగ్గాలు పట్టిన ఊ నూకు, అది మింగుడుపడని షరతు. స్వాతంత్ర్యం వచ్చిన దాదాపు పదహారు నెలలకు, 1949 ఏప్రిల్ చివర్లో, లండన్ ప్రకటన ఆ షరతునే సడలించి గణతంత్ర భారత్‌కు చోటిచ్చింది. అంతర్యుద్ధంతో రంగూన్ ప్రభుత్వం నగరం దాకా కుంచించుకుపోయిన రోజుల్లో ఊ నూ చేయి చాచింది కూడా కామన్వెల్తు దేశాలకే. 1950లో బ్రిటన్, భారత్, పాకిస్తాన్, సిలోన్, ఆస్ట్రేలియా కలిసి 60 లక్షల పౌండ్ల రుణానికి అంగీకరించాయి. దేశాల మధ్య తలుపు పూర్తిగా మూసుకోలేదన్నమాట. 1979లో అలీనోద్యమం నుంచి వైదొలిగిన బర్మా 1992లో మళ్లీ చేరింది. ప్రభుత్వాలకు పునఃప్రవేశం దొరుకుతుంది.

మనుషులకు 1964 వచ్చింది. 1962 మార్చి 2న సైన్యాధిపతి నె విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964 మార్చిలో దుకాణాలు జాతీయమయ్యాయి. మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి. 1963 జూన్ నుంచి సుమారు రెండు లక్షలమంది భారతదేశానికి ఓడల్లోనూ విమానాల్లోనూ చేరారు. ఎక్కువమంది తమిళనాడుకు, వేలమంది ఆంధ్రప్రదేశ్‌కు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఆ నాటిదే. 'బర్మా కాందిశీకులు' అని సర్కారు రాసిన కార్డుతో వాళ్లు మాతృదేశంలో అడుగుపెట్టారు. వాళ్లలో చాలామంది ఆ మాతృదేశాన్ని అంతకుముందు చూసి ఎరగరు. వెళ్లకుండా ఉండిపోయినవాళ్లకు 1982 అక్టోబరులో కొత్త పౌరసత్వ చట్టం ఎదురైంది. 1948 నాటి పౌరసత్వ చట్టం కింద దరఖాస్తు పెట్టుకుని తేలక ఆగినవాళ్లను అది 'అనుబంధ పౌరులు' అనే రెండో మెట్టు మీద కూర్చోబెట్టింది. నిష్క్రమణ జరిగి అప్పటికి ముప్ఫై నాలుగేళ్లు.

ఇక్కడ బ్రెగ్జిట్‌తో పోలిక కొంతవరకు పనికొస్తుంది. బ్రిటన్ 2020 జనవరి 31న బయటికి రాకముందే ఉపసంహరణ ఒప్పందంలో పౌరుల హక్కులకు ఒక భాగం కేటాయించారు. అప్పటికే నివసిస్తున్న యూరోపియన్లు 2021 జూన్ 30లోగా దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించారు. అయినా గడువు తెలియని వృద్ధులూ సంరక్షణలో ఉన్న పిల్లలూ ఇబ్బంది పడ్డారు. అంత యంత్రాంగం ఉన్న చోటే అంత జరిగితే, 1948 రంగూన్ రేవులో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

జనక్‌పురి

ఢిల్లీ అభివృద్ధి సంస్థ నిర్మించిన జనక్‌పురి 1970లలో కేంద్ర ఉద్యోగులతో, మధ్యతరగతి కుటుంబాలతో నిండిన కాలనీ. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాల ఇక్కడా ఉంది. బదిలీల మీద వచ్చిన తెలుగువాళ్లు ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఈ కాలనీకి ఆనుకుని ఉన్న వికాస్‌పురి, హస్త్‌సాల్, ఉత్తమ్‌నగర్, బిందాపూర్ ఇరుకు సందుల్లో 1988లో ప్రజాస్వామ్య ఉద్యమం మీద సాగిన అణచివేత తరువాత బర్మా నుంచి వచ్చిన చిన్ కుటుంబాలు చేరాయి. 2021 ఫిబ్రవరి 1 నాటి సైనిక తిరుగుబాటు మరికొందరిని తోసుకొచ్చింది. మిజోరంలో భాషా బంధుత్వం ఉన్నా వీళ్లు ఇంతదూరం రావడానికి కారణం ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్యాలయం ఢిల్లీలో ఉండటమే. ఆ సంస్థ ఇచ్చే శరణార్థి కార్డు కోసం కొండల మనుషులు మైదానపు ఎండల్లోకి వచ్చారు.

వీళ్లను ఈ చర్చలోకి తేవడం యాదృచ్ఛికం కాదు. 1937 విభజన గీతే చిన్ కొండలను బర్మాకు, లుషాయ్ కొండలను ఇండియాకు ఇచ్చింది. 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో చిన్, కచిన్, షాన్ నాయకులు ఆంగ్‌సాన్ మాట నమ్మి కొత్త యూనియన్‌లో కలిశారు. ఆ ఏడు వచ్చిన రాజ్యాంగం పదో అధ్యాయం పదేళ్ల తరువాత విడిపోయే హక్కు గురించి మాట్లాడింది. షాన్, కరెన్నీలకు ఆ దారి ఉంచి, కచిన్‌లకు మూసింది. చిన్‌లకైతే రాష్ట్రమే ఇవ్వలేదు, ప్రత్యేక డివిజన్‌తో సరిపెట్టింది. తాను ఒక కూటమిని వదిలిన దేశం తనలోని జాతులకు ఎంత స్వేచ్ఛ ఇవ్వాలన్న దగ్గర లెక్కలు వేసింది. షాన్‌లు ఆ హక్కు ఊసెత్తినప్పుడు దాన్నే సాకుగా చూపి 1962లో సైన్యం వచ్చింది. తెలుగు దుకాణదారును విశాఖకు పంపిన ప్రభుత్వమూ, చిన్ యువకుడిని ఉత్తమ్‌నగర్‌కు తరిమిన ప్రభుత్వమూ ఒకే వంశానివి.

జనక్‌పురి చిన్‌ల దినచర్యలో కాగితం ప్రాణం. 2018 జూన్‌లో శరణార్థి సంస్థ చిన్‌లకు రక్షణ ఇక అవసరం లేదంటూ 2019 చివరికి కార్డులు ముగుస్తాయని ప్రకటించింది. నిరసనల తరువాత 2019 మార్చిలో ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. రెండేళ్లు తిరక్కుండానే జరిగిన తిరుగుబాటు ఆ మొదటి అంచనా ఎంత గుడ్డిదో తేల్చింది. 1951 శరణార్థుల ఒడంబడిక మీద భారత్ సంతకం చేయలేదు, దేశంలో శరణార్థి చట్టమంటూ లేదు. కనుక ఆ కార్డుకు గౌరవం ఉండొచ్చు, చట్టబలం మాత్రం తక్కువ. విదేశీయులకు సంబంధించిన చట్టం దృష్టిలో జనక్‌పురి చిన్‌కూ, వీసా గడువు దాటిన పర్యాటకుడికీ పెద్ద తేడా లేదు. ఒకప్పుడు రంగూన్‌లో తెలుగు కూలీ చేతిలో ఉన్న విదేశీయుడి పత్రానికీ దీనికీ మధ్య దూరం తక్కువే. ఇప్పుడు ఆ పత్రం అడిగే కుర్చీలో మన ప్రభుత్వం ఉంది.

2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి వచ్చిన ఆరు మతాల వాళ్లకు దారి చూపింది. ఆ ఆరింటిలో క్రైస్తవం ఉంది, చిన్‌లలో అత్యధికులు క్రైస్తవులే. బ్రిటిష్ ఇండియాలో ఎన్నడూ భాగం కాని ఆఫ్ఘనిస్తాన్ ఆ జాబితాలో ఉంది. 1937 మార్చి 31 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రంగా ఉన్న బర్మా లేదు.