పాట చీటీ నుంచి పొదుపు సంఘం దాకా: పడమటి మండలాల దళిత మహిళల లెక్కలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు దళితవాడల్లో పొదుపు అనగానే ముందు గుర్తొచ్చేది బ్యాంకు కాదు, చీటీ. 20 మంది నెలకు 1,000 చొప్పున కడితే 20,000 అవుతుంది. ఒకామె 4,000 వదులుకుని పాట పాడితే చేతికి 16,000 వస్తాయి. వదులుకున్న దాంట్లో నడిపేవారి కమీషన్ 1,000 పోను, మిగతా 3,000 తలా 150 చొప్పున అందరికీ పంచుతారు. ఆస్పత్రి ఖర్చు మెడ మీద ఉన్నవాళ్లే ఎక్కువ వదులుకుంటారు, ఆగగలిగినవాళ్లకు మిగులుతుంది. అంటే బీదవాళ్లలోనూ మరీ బీదవాళ్ల మీదే భారం. డిప్పు తీసే చీటీలో ఈ నష్టం లేదు గానీ, అవసరానికి డబ్బు అందుతుందన్న భరోసా ఉండదు. అయినా నూటికి 5 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం. దాని పక్కన పెట్టి చూస్తే చీటీయే నయమనుకోవడం తెలివితక్కువ లెక్కేమీ కాదని మా అభిప్రాయం.

1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో వచ్చిన వెలుగు పథకం తొలి 6 జిల్లాల్లో చిత్తూరు ఒకటి. ఇక్కడ వడ్డీ సంఘంలోనే మిగులుతుంది. పాసు పుస్తకం తాకట్టు పెట్టడానికి సెంటు భూమి లేని కూలి మనిషికి సంఘం మాటే హామీ. దళిత మహిళలకు ఇది చిన్న సంగతి కాదు.

చిక్కు కంతుల దగ్గర వస్తుంది. కంతు నెలనెలా కట్టాలి, కూలి నెలనెలా రాదు. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర పడిపోతే రైతు కాయ కోయించడు, కోత కూలీ పోతుంది. కుప్పం నుంచి రైలెక్కి బెంగళూరు పనికి పోయేవాళ్లకు మీటింగుకు రావడమే కష్టం. ఆ సందులోకే ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు దూరాయి. వసూళ్ల ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయన్న ఆరోపణల నడుమ, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

పొదుపు మనిషిని మరీ కిందికి జారకుండా ఆపుతుంది. భూమిని మాత్రం ఇవ్వదు. పుంగనూరు ఒకప్పటి జమీను. అలాంటి చోట భూమి ఎవరి చేతిలో ఉందన్నది పక్కనబెట్టి పేదరికం గురించి మాట్లాడలేం. వెలుగులోనే భూమి కొనుగోలు పథకం ఉండేది, కొన్న భూమిని మహిళల పేరున రిజిస్టరు చేసేవారు. పొదుపుకు వచ్చినంత ప్రచారం దానికి రాలేదు.

చీటీ కట్టేవాళ్లు ఒకటి చూసుకోవాలి. 1982 చిట్ ఫండ్ చట్టం ప్రకారం నమోదైన చీటీకి ఒప్పంద పత్రం కాపీ ఇవ్వాలి. కమీషన్ పరిమితి అప్పట్లో 5 శాతం, 2019 సవరణతో 7 శాతమైంది. నమోదు కాని చీటీ నడిపినవాళ్లు రాత్రికి రాత్రి ఊరు విడిచిపోతే, చేతిలో రసీదు కూడా లేని ఆడమనిషి తాను కట్టిన డబ్బును ఠాణాలో నోటిమాటతో రుజువు చేసుకోవాల్సి వస్తుంది.