రెండు ఓట్లు, ఇద్దరు ఎంపీలు, ఒక గిరి గారు

మా తాతయ్య ఉన్నప్పుడు ఒక మాట తరచూ అనేవాడు: "మీకు ఒక్కో ఓటేరా, మాకు రెండేసి ఉండేవి." పార్వతీపురం దగ్గర పల్లెటూరు మాది. చిన్నప్పుడు నేనిది దొంగ ఓట్ల సంగతి అనుకుని ముసిముసిగా నవ్వుకునేవాణ్ణి. ఆయన పోయిన చాన్నాళ్ళకి, మొన్న టీం వాళ్ళతో అరకు వెళ్తుంటే రైల్లో ఒకడు "అరకు ఎంపీ సీటు ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగాడు. 2009 నుంచి అని చెప్పేశాను. "మరి అంతకు ముందు?" అన్నాడు. నోరు మూతబడింది. ఇంటికొచ్చి ఆ "అంతకు ముందు" వెతుక్కుంటూ పోతే తాతయ్య రెండు ఓట్లు దొరికాయి. పాపం ఆయన నిజమే చెప్పాడు.

1952లో మొదటి లోక్‌సభకి 489 సీట్లు. నియోజకవర్గాలు మాత్రం 401. లెక్క తప్పలేదు. వాటిలో 86 చోట్ల ఇద్దరేసి ఎంపీలు (బెంగాల్లో ఒకచోట ఏకంగా ముగ్గురు!). ఎస్సీలకో ఎస్టీలకో సీటు కేటాయించాల్సిన చోట, నియోజకవర్గం మొత్తాన్ని రిజర్వు చెయ్యకుండా, పెద్దదాన్ని ఒకటి తీసుకుని ఒక జనరల్ సీటు, ఒక రిజర్వుడు సీటు పెట్టారు. ఓటరుకి రెండు ఓట్లు. రెండూ ఒకే మనిషికి వెయ్యడం కుదరదు. అప్పట్లో ముద్ర గుద్దడాలు లేవు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. రెండు కాగితాలు పట్టుకెళ్ళి రెండు వేరు వేరు పెట్టెల్లో వేసి రావాలి.

అలాంటి ద్విసభ్య నియోజకవర్గాల్లో విశాఖపట్నం ఒకటి. ఇప్పుడు వైజాగ్ ఎంపీ అంటే బీచి రోడ్డు, స్టీలు ప్లాంటు, గాజువాక ట్రాఫిక్ గుర్తొస్తాయి కానీ 1952లో రేవు పట్నానికీ మన్యం కొండలకీ కలిపి ఇద్దరు ఎంపీలు. ఒకాయన లంకా సుందరం, ఇండిపెండెంట్, ఆర్థిక విషయాల్లో దిట్ట, ఢిల్లీలో ఇంగ్లీషులో గట్టిగా వాదించే రకం. రెండో ఆయన గాం మల్లు దొర. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? అవును, ఆయనే. అల్లూరి సీతారామరాజు దళంలో ఉన్న గాం సోదరుల్లో ఒకడు. అన్న గంటం దొర 1924లో పోలీసు కాల్పుల్లో పోయాడు. మల్లు దొర అంతకు ముందే 1923లో పట్టుబడి, శిక్ష పడి అండమాన్ వెళ్ళాడు. పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళిన మనిషి, ముప్పై ఏళ్ళ తర్వాత విశాఖపట్నం ఎంపీగా పార్లమెంటులో కూర్చున్నాడు. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ నేను విశాఖలోనే చదివాను. సీతారామరాజు విగ్రహాలు చూశాను, సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఈ ముక్క ఒక్కడూ చెప్పలేదు. మన పాఠాల్లో కథ 1924లో కొయ్యూరు దగ్గర ఆగిపోతుంది మరి.

1957కి విశాఖ నగరం ఒక్క సీటుగా విడిపోయింది. ఏజెన్సీ కొండలకి గొలుగొండ పేరుతో వేరే ద్విసభ్య నియోజకవర్గం వచ్చింది. అక్కణ్ణుంచి మిస్సుల సూర్యనారాయణమూర్తి, కంకిపాటి వీరన్న పడాలు గెలిచారు. గొలుగొండ పేరు ఒక్క ఎన్నికతోనే చెల్లిపోయింది, 1962కి అనకాపల్లి వచ్చింది. ఇక్కడ పెద్దగా గొడవలేమీ లేవు. అసలు గొడవంతా మా పార్వతీపురంలో.

1957లో పార్వతీపురం కూడా ద్విసభ్య నియోజకవర్గమే, ఒకటి జనరల్, ఒకటి ఎస్టీ. (మన వైపు అసెంబ్లీ ఎన్నికలు 1955లోనే అయిపోయాయి కాబట్టి ఆ ఏడు లోక్‌సభకే పోలింగు.) కాంగ్రెస్ తరఫున జనరల్ సీటుకి నిలబడింది సాక్షాత్తూ వి.వి. గిరి గారు. అప్పటికే పాతపట్నం నుంచి ఒకసారి గెలిచి, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా చేసి, బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయంలో పడక 1954లో రాజీనామా చేసి వచ్చిన పెద్దమనిషి. ఆయన ఓడిపోతారని ఎవరనుకుంటారు?

ఫలితాలొచ్చాక చూస్తే మొదటి స్థానం బిడ్డిక సత్యనారాయణ, ఎస్టీ అభ్యర్థి. రెండో స్థానం డిప్పల సూరి దొర, ఈయనా ఎస్టీ అభ్యర్థే. గిరి గారు మూడు. సూరి దొరకీ గిరి గారికీ తేడా 565 ఓట్లు.

ఇప్పుడు ఏం చెయ్యాలి? 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 54వ సెక్షన్లో దీనికో పద్ధతి రాసి పెట్టారు. మన భాషలో చెప్పాలంటే చిన్న అల్గారిథం. ముందు రిజర్వుడు సీటు నింపు: ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చిన వాణ్ణి తీసుకో. తర్వాత ఆ పేరు తీసేసి, మిగిలిన అందరిలో (ఎస్టీలతో సహా) ఎక్కువ ఓట్లొచ్చిన వాణ్ణి జనరల్ సీట్లో కూర్చోబెట్టు. రన్ చేస్తే సత్యనారాయణకి రిజర్వుడు సీటు, సూరి దొరకి జనరల్ సీటు. గిరి గారు ఇంటికి.

గిరి గారు ఊరుకోలేదు, వ్యవహారం ట్రిబ్యునల్ నుంచి సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. వాదన ఏమిటంటే, సూరి దొర నామినేషన్ వేసింది రిజర్వుడు సీటుకి, అందులో ఓడిపోయాక జనరల్ సీటు ఎలా ఇస్తారు? వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఎంసెట్ కౌన్సెలింగులో కూర్చున్న ఎవరికైనా జవాబు తెలుసు. మంచి ర్యాంకు వచ్చిన ఎస్టీ కుర్రాడికి ఓపెన్ కేటగిరీలో సీటొస్తుంది, "నీ కోటా నీకుంది కదా, ఇటు రాకు" అనరు. రిజర్వేషన్ అంటే ఇంతకు తగ్గకూడదని, ఇంతకు మించకూడదని కాదు. 1959లో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది: ఎస్టీ అభ్యర్థి రిజర్వుడు సీటుకి పోటీ చేసినంత మాత్రాన జనరల్ సీటుకి ఉన్న హక్కు పోదు.

గిరి గారిది ఇంకో వాదన కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది. సూరి దొర మూక దొర తెగవాడే కాదు, ఆ కుటుంబం చాలా ఏళ్ళుగా క్షత్రియులమని రాసుకుంటోంది, ఆ ఆచారాలే పాటిస్తోంది, కాబట్టి ఎస్టీ అనకూడదు అని. దస్తావేజులు కూడా చూపించారు. మెజారిటీ తీర్పు రాసిన గజేంద్రగడ్కర్ దీన్ని తోసిపుచ్చారు. నేను ఫలానా అని చెప్పుకున్నంత మాత్రాన కులం మారిపోదన్నారు. బెంచిలో జె.ఎల్. కపూర్ మాత్రం ఒప్పుకోలేదు, వేరే తీర్పు రాశారు. తీర్పు బాగుంది, బలహీనుడి పక్షాన నిలబడింది, సంతోషం. కానీ దాని వెనక ఉన్న తర్కం చూడండి.. మనిషి తనంతట తాను కులం దాటి పోలేడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే తప్ప! ఒక మనిషిని గెలిపించిన మాటే, ఆలోచిస్తే, భలే దిగులు పుట్టించే మాట. ఎవరు అసలైన గిరిజనుడు అన్న కేసులు ఆ తర్వాత కూడా ఈ ప్రాంతాన్ని వదల్లేదు.

తాతయ్య సంగతి చెప్పాలి. ఆయన ఒక ఓటు గిరి గారికి ("మనోడు, పెద్ద చదువు చదివాడు"), రెండోది సూరి దొరకి ("దొర కూడా మనోడే") వేశానని మా నాన్నతో చెప్పాడట. ఇద్దరికీ చెరో ఓటు వేస్తే ఆ ఇద్దరి మధ్య తేడా అణువంతైనా మారదు. అంటే తాతయ్య ఎంచక్కా నడిచి వెళ్ళి, వరసలో నిలబడి, తన ఓటుని తానే కొట్టేసుకుని వచ్చాడు. ఇలాంటివాళ్ళు ఎంతమందో గానీ, 565 తేడా వచ్చిన చోట వీళ్ళు ఇటో అటో మొగ్గినా కథ మారేది.

తీర్పు వచ్చిన రెండేళ్ళకి, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలు రద్దు చేస్తూ చట్టం వచ్చింది. మరీ పెద్దవి, ఖర్చెక్కువ, ఏ ఎంపీ దేనికి బాధ్యుడో తెలీదు అన్నారు. అబద్ధం కాదు, లక్షల ఓటర్లు, జీపు కూడా వెళ్ళని కొండలు. కానీ జనరల్ సీటు కూడా చేజారుతుందన్న గుబులు అందులో పాలు పంచుకోలేదంటే నేను నమ్మను. 1962కి పార్వతీపురం పూర్తిగా ఎస్టీ సీటయింది, బిడ్డిక సత్యనారాయణే మళ్ళీ గెలిచారు. తర్వాత కురుపాం రాజావారి కుటుంబం నుంచి కిశోర్ చంద్రదేవ్ 1977, 80, 84, మళ్ళీ 2004లో. 2009కి ఆ పేరూ పోయి అరకు అయింది, మొదటి ఎంపీ కూడా ఆయనే.

గిరి గారికేమీ నష్టం జరగలేదు లెండి. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా చేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 రాష్ట్రపతి ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడ్డారు, ఎదురుగా నీలం సంజీవరెడ్డి. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గిరి గారు గెలిచారు! పన్నెండేళ్ళ కిందట పార్వతీపురంలో రెండో ఓటు ముంచితే, ఢిల్లీలో రెండో ఓటు తేల్చింది. ఆ ఎన్నిక మీద కూడా కేసు పడింది, ఈసారి రాష్ట్రపతి హోదాలో ఆయనే స్వయంగా సుప్రీం కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. కేసు గెలిచారు.

కొండలకి ఏం మిగిలింది అన్నది నాకు ఇప్పటికీ తేలడం లేదు. తమ మనిషి ఒకడు ఖాయంగా ఢిల్లీ వెళ్తున్నాడు, అది చిన్న లాభం కాదు. కానీ 1952లో విశాఖపట్నంలో జనరల్ సీటుకి నిలబడ్డ మనిషి కొండ మీది ఓటు కూడా అడుక్కోవాల్సి వచ్చేది. ఇప్పటి వైజాగ్ ఎంపీకి ఆ అవసరం లేదు. మనం శని ఆదివారాలు అరకు వెళ్ళి వెదురు చికెన్ తిని, కాఫీ పొడి కొనుక్కొస్తాం. అక్కడ రోడ్డు లేక డోలీలో ఆసుపత్రికి మోసుకెళ్ళే మనుషుల గురించి పేపర్లో చదివితే, అది వేరే నియోజకవర్గం సంగతి.

అరకు నియోజకవర్గం కూడా ఓ వింత. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం. అంతకు ముందు అరకు లోయ అసెంబ్లీకి శృంగవరపుకోటలో ఉండేది, పాడేరు, చింతపల్లి వాళ్ళు భద్రాచలం ఎంపీకి ఓటేసేవాళ్ళు. అందరినీ పోగేసి తూర్పు కనుమల పొడుగునా ఒక సీటు కుట్టారు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రాలోకొచ్చి ఇంకా పొడుగయింది. పాలకొండ నుంచి రంపచోడవరం వెళ్ళాలంటే ఇప్పటికీ జనం మైదానంలోకి దిగి, హైవే ఎక్కి, విశాఖ మీదుగా వెళ్ళి, రాజమండ్రి దగ్గర మళ్ళీ కొండెక్కుతారు.