దివిసీమలో 1977

పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణా పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న నేల దివిసీమ. నది కడలిలో కలిసే హంసలదీవి పక్కనే పాలకాయతిప్ప ఉంది. చేపల వేటమీద బతికే ఊరు. తిప్ప అంటే మెరక, ఇసుకదిబ్బ. ఊరి పేరులోనే ఎత్తు ఉంది కానీ ఆ ఏడాది నవంబరులో ఆ ఎత్తు చాలలేదు.

సంవత్సరం మాత్రం సందడిగా మొదలైంది. సంక్రాంతికి ‘దానవీరశూరకర్ణ’, ‘కురుక్షేత్రం’ ఒకే రోజున, జనవరి 14న, విడుదలయ్యాయి. మహాభారతం రెండు తెరల మీద పోటీపడింది. మొదటి చిత్రంలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఎన్టీ రామారావే, దర్శకత్వమూ ఆయనదే. ఏప్రిల్‌లో ‘అడవి రాముడు’, అక్టోబరులో ‘యమగోల’ వచ్చాయి. ఆయన పుట్టిన నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం రెండూ గుడివాడ చుట్టుపక్కల పల్లెలే కనుక ఈ డెల్టాకు వాళ్లు ఇంటి మనుషులు.

మార్చిలో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. ఉత్తరాదిన కాంగ్రెస్ కొట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 గెలిచింది. మిగిలిన ఒక్కటి, నంద్యాల, జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డికి దక్కింది. మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. జులైలో సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రంలో జలగం వెంగళరావు ముఖ్యమంత్రి. దివిసీమకు పెద్దదిక్కు అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకటకృష్ణారావు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను నడిపించింది ఆయనే.

అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. ఆ బొమ్మలు దివిసీమ దాకా రాలేదు. ఇక్కడి ఇళ్లకు లోకం కబురు రేడియోలోనే.

నవంబరు 12న ఒక తుఫాను తమిళనాడు తీరాన్ని దెబ్బకొట్టింది. సరిగ్గా వారానికి, 19వ తేదీ శనివారం, రెండోది ఆంధ్ర తీరం దాటింది. కార్తీకమాసం, వరి కోతకు వచ్చిన రోజులు. గాలివాన ఈ జనానికి కొత్త కాదు. కొత్తగా వచ్చింది ఉప్పెన. దాదాపు 20 అడుగుల నీటిగోడ లేచి ఊళ్ల మీద పడింది, కిలోమీటర్ల కొద్దీ లోపలికి నడిచింది. తాటాకు ఇళ్లు మొదటి దెబ్బకే పోయాయి. చెట్ల కొమ్మలు పట్టుకున్నవాళ్లలో కొందరు బతికారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, మూలపాలెం, ఎదురుమొండి వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయినంత పనైంది. ప్రభుత్వ లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు సుమారు 10,000 మంది. అసలు సంఖ్య అంతకన్నా చాలా ఎక్కువని స్థానికుల మాట.

హెచ్చరిక లేకపోలేదు. విన్నవాళ్లు ఎక్కడికి వెళ్లాలి, దేనిలో వెళ్లాలి, ఎక్కడ తలదాచుకోవాలి అన్నదానికే జవాబు లేదు. ప్రాణాలు తీసింది ఉప్పెన ఒక్కటే కాదు, గట్టి గోడలున్న మేడలు దగ్గరలో చాలినన్ని లేకపోవడం కూడా. తీరప్రాంతంలో తుఫాను షెల్టర్ల నిర్మాణం ఊపందుకున్నది ఈ విషాదం తర్వాతే.

శవాలను గుర్తుపట్టే తీరిక కూడా లేక సామూహికంగా దహనం చేశారు. బావులు ఉప్పునీళ్లతో నిండాయి, పొలాలు చవుడుబారాయి. మదర్ థెరిసా వచ్చారు. స్వచ్ఛంద సంస్థలు ఊళ్లను దత్తత తీసుకున్నాయి. మండలి వెంకటకృష్ణారావు పునరావాసాన్ని తన జీవితపు పనిగా పెట్టుకున్నారు. అప్పటిదాకా తెర మీద కర్ణుడిగా దానం చేసిన రామారావు, నాగేశ్వరరావుతోనూ ఇతర నటులతోనూ కలిసి వీధుల్లో జోలె పట్టి బాధితుల కోసం విరాళాలు అడిగారు. తెలుగు సినిమా ప్రజాజీవితంలోకి నడిచి వచ్చిన ఘట్టాల్లో ఇది ముఖ్యమైనది. అదే రామారావు 1983లో గుడివాడ నుంచి శాసనసభకు ఎన్నికై ముఖ్యమంత్రి అయ్యారు.

ఏటా నవంబరు 19న దివిసీమలో ఉప్పెన మృతులకు నివాళులు అర్పిస్తారు.