బల్లకింది తీగల చరిత్ర

నిన్న సాయంత్రం నా రాతబల్ల కింద చతికిలబడి తీగలను లెక్కపెట్టాను. పద్నాలుగు తేలాయి. కంప్యూటరుకు ఒకటి, తెరకు రెండు, ప్రింటరుకు రెండు, మోడెముకు రెండు, స్పీకర్లకు మూడు, బల్లదీపానికి ఒకటి, సెల్‌ఫోనుకు ఒకటి, వీటన్నిటినీ మోస్తున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుది ఒకటి. పద్నాలుగవది దేనిదో ఎంతసేపు చూసినా బోధపడలేదు. దాని రెండు కొసలూ దేనికీ తగిలించి లేవు.

అరవై దాటినవాడికి ఈ వయసులో బల్లకింద పనేమిటని మీరడగవచ్చు. రెండు నెలల కిందట లేవబోతూండగా నా కాలు ఒక తీగలో చిక్కుకుంది. ఆ తీగ కొసనున్న హార్డుడిస్కు బల్లమీదినుంచి గచ్చుమీద పడింది. ఆనాటినుంచి అది టిక్కుటిక్కుమంటుందే తప్ప తెరచుకోదు. ఐదేళ్ళపాటు మా పాత తాలూకాలోని సేద్యగాండ్రను అడిగి రాసుకొన్న మాటల పట్టిక అందులో ఉంది. మూలమైన నోటుపుస్తకాలు సగం చెదలపాలయ్యాయి. ఆ మాటలు చెప్పిన పెద్దలలో నలుగురు ఇప్పుడు లేరు.

"మీ శ్రద్ధంతా పుస్తకాలమీదే గాని నేలమీద లేదండీ" అన్నది మా ఇంటావిడ. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. కాని ఈ తీగలు నా బల్లకిందికి ఎలా చేరాయో తెలుసుకుందామని ఈ రెండు నెలలుగా చదువుతూండగా, ఆ నేరంలో నా వాటా సగమేనని తోచింది. తక్కిన సగానికి నూట ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది.

తీగలను కనబడకుండా దాచాలనే ఆలోచన తీగంత పాతది. 1844లో అమెరికాలో వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల నడుమ మోర్స్ టెలిగ్రాఫు వేసినప్పుడు, మొదట సీసపు గొట్టాలలో తీగలు పెట్టి నాగలివంటి సాధనంతో భూమిలో పాతించాడు. తీగల తొడుగు చెడి విద్యుత్తు నేలలోకి జారిపోసాగింది. విధిలేక స్తంభాలు నాటించి తీగలను పైకెత్తించాడు. అలా ఆకాశాన్ని ఆక్రమించిన తీగలు నాలుగు దశాబ్దాలలో మహానగరాలకు కప్పు వేశాయి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 1887లో కట్టిన టెలిఫోను గోపురానికి సుమారు 5,000 తీగలు నలుదిక్కులనుంచీ వచ్చి చేరేవి. ఆ ఛాయాచిత్రం చూస్తే ఊరిమీద సాలెపురుగు గూడు కట్టిందా అనిపిస్తుంది. తీగలన్నీ భూమిలోకి దిగిపోయాక, 1913లో ఆ గోపురానికి పని లేకుండా పోయింది.

న్యూయార్కు కథ ఇంకా విషాదకరం. తీగలను భూమిలోకి దించాలని 1884లోనే అక్కడ చట్టం చేశారు. టెలిగ్రాఫు, టెలిఫోను, దీపాల కంపెనీలవారు దానిని పెడచెవిని పెట్టారు. అది అసాధ్యమైన పనేమీ కాదు. అదే నగరంలో 1882లో పెర్ల్ వీధినుంచి ఎడిసన్ తన విద్యుత్తును భూమిలోనుంచే పంపిణీ చేశాడు. దించడానికి ఖర్చెక్కువ, అంతే. 1888 మార్చి మంచుతుపానుకు స్తంభాలు విరిగి తీగలు వీధులనిండా పడ్డాయి. అప్పటికీ కదలిక అంతంతమాత్రమే. 1889 అక్టోబరు 11న జాన్ ఫీక్స్ అనే లైనుమన్, ప్రమాదం లేదనుకొన్న టెలిగ్రాఫు తీగల నడుమ పనిచేస్తూ, వాటిలోకి ఎక్కడినుంచో పాకిన హెచ్చు విద్యుత్తు తగిలి, పట్టపగలు వందలమంది చూస్తూండగా తీగలలోనే వేలాడుతూ ప్రాణం విడిచాడు. ఆ తరువాతగాని నగరపాలకుల గొడ్డళ్ళు స్తంభాలమీద గట్టిగా పడలేదు. నా బల్లకింది చిక్కును ఇంత ఘోరంతో పోల్చడం తగదు. కాని చట్టానికీ ఆచరణకూ నడుమ ఐదేళ్ళు గడిచాయన్న సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ అవసరం వస్తుంది.

వీధి విడిచి ఇంట్లోకి వద్దాం. బల్లమీదికి కంప్యూటరు వచ్చేసరికి ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క మూతి. మోడెము వంటివాటికి వాడిన ఆర్‌ఎస్-232 పద్ధతి 1960నాటిది. ప్రింటరు తీగకు కంప్యూటరు వైపున 25 సూదులుండేవి. అక్షరంలోని ఎనిమిది బిట్లూ ఎనిమిది తీగలలో ఒకేసారి పక్కపక్కన నడిచేవి గనుక ఆ తీగ చేంతాడంత లావు. కీబోర్డు, మౌసులకు 1987లో ఐబీఎం తెచ్చిన గుండ్రటి మూతులు రెండూ ఒకే తీరుగా ఉండేవి. ఒకదానిలో పెట్టవలసినది ఇంకొకదానిలో పెడితే పనిచేసేవి కావు. ఈ అవస్థ చూసి, 1990ల చివర పీసీ-99 అనే నియమావళిలో మూతులకు రంగులు కేటాయించారు. కీబోర్డుకు వంగపండు రంగు, మౌసుకు పచ్చ, తెరకు నీలం, మైకుకు గులాబి. ఒకటవ తరగతి పిల్లలకు అక్షరాల అట్టముక్కలు రంగులు వేసి ఇచ్చినట్లుంటుంది. గుర్తుపట్టడం సులువయిందే గాని, ఆ రంగులవల్ల తీగ ఒక్కటీ తగ్గలేదు.

తగ్గించిన పని 1996 జనవరిలో జరిగింది. ఏడు కంపెనీలవారు కలిసి కూర్చుని యూఎస్‌బీ మొదటి నియమావళిని వెలువరించారు. ఆ పనిలో ముఖ్యుడు ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్. బరోడా విశ్వవిద్యాలయంలో చదివినవాడు. తన ఇంట్లో ప్రింటరు తగిలించడానికి పడిన ఇబ్బంది కూడా తన్ను ఈ ఆలోచనకు పురికొల్పిందని ఆయన చెప్పుకున్నాడు. లోపల నాలుగే తీగలు. రెండు విద్యుత్తుకు, రెండు సమాచారానికి. బిట్లు పక్కపక్కన నడవడం మాని ఒకదాని వెనుక ఒకటి నడవసాగాయి, గట్టుమీద చీమలబారులాగ. ఒకే మూతికి కీబోర్డయినా సరే, ప్రింటరయినా సరే. చిన్న పరికరాలకు వేరే కరెంటు తీగ కూడా అక్కరలేకపోయింది. 1998లో ఆపిల్ కంపెనీ ఐమ్యాకు నుంచి పాత మూతులు తీసివేసి దీనినే పెట్టాక తక్కిన పరికరాల తయారీదారులు కూడా ఇటు మళ్ళారు.

ఆ మూతి మొదటిసారి ఎన్నడూ సరిగ్గా దూరదని మనమందరం విసుక్కున్నాం. ఎటు తిప్పినా దూరేలా చేయాలంటే తీగలూ వలయాలూ రెట్టింపై ధర పెరిగేదట. ధర పెరిగితే ఎవరూ పెట్టుకోరని భయపడ్డారు. నాకది సబబైన సంజాయిషీగానే తోచింది. సబబుగా తోచనిది ఆ తరువాతి నడక. చిక్కు విప్పడానికి పుట్టిన యూఎస్‌బీ తానే సంతానం కన్నది. చదరపుది, మినీ, మైక్రో, ఆ మైక్రోలోనే హార్డుడిస్కులకోసం వెడల్పాటిది. సెల్‌ఫోను కంపెనీలయితే మాట వినలేదు. 2009లో ఐరోపాలో ఫోను ఛార్జర్లు 30 రకాలుండేవి. ఆ ఏడాది తయారీదారులు స్వచ్ఛందంగా ఒప్పందం చేసుకున్నారు. 30 కాస్తా మూడయ్యాయి, ఆ మూడు దగ్గర ఆగిపోయాయి. పారవేసిన ఛార్జర్లూ, వాడకుండా పడి ఉన్న ఛార్జర్లూ ఏటా 11,000 టన్నుల చెత్త అవుతున్నాయని లెక్కగట్టిన ఐరోపా సమాఖ్య చివరకు 2022లో చట్టమే చేసింది. 2014లో వచ్చిన, ఎటు తిప్పినా దూరే టైప్-సి మూతి 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకూ మరికొన్ని పరికరాలకూ తప్పనిసరి. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28. మన ప్రమాణాల సంస్థ కూడా 2023లో టైప్-సికి భారతీయ ప్రమాణం ప్రకటించింది. న్యూయార్కు స్తంభాలను గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. తీగ తగ్గాలంటే తయారుచేసేవారు ఒక మాటమీదికి రావాలి, రాకపోతే ఎవరో ఒకరు రప్పించాలి. ఇంటాయన చీపురు పట్టినంతమాత్రాన తగ్గేది కాదు.

అసలు తీగ లేకుండానే చేస్తే? ఆ ముచ్చటా తీరింది. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు పెట్టుకొన్న పద్ధతితో నా మౌసు తోక రాలిపోయింది. సమాచారం గాలిలో ప్రయాణిస్తుంది, విద్యుత్తుకు మాత్రం ఇంకా దారి కావాలి. ఫోనును ఊరికే పెడితే ఛార్జి అయ్యే పళ్ళెం ఒకటి మా అబ్బాయి తెచ్చాడు. దాని వెనుకనుంచి తోక వేలాడుతున్నది.

ఇక ఉన్న తీగలకు ముడి ఎందుకు పడుతుంది? దీనిమీద 2007లో కాలిఫోర్నియాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు, డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్, ఒక పెట్టెలో తాడు వేసి 3,415 సార్లు దొర్లించి చూశారు. కొన్ని క్షణాలలోనే ముడులు పడ్డాయి. సుమారు 46 సెంటీమీటర్లకన్న పొట్టి తాడుకు మాత్రం పడలేదు. ఆ మరుసటి ఏడు వారికి నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమానం వచ్చింది. నాకు నవ్వు రాలేదు. మూడు మీటర్ల తీగలు తీసివేసి, సరిపోయినంత పొట్టివి కొన్నాను. తీసివేసినవి నాలుగు.

మిగిలినవాటిని కట్టడానికి సాధనాలు రెండు, వాటికీ చరిత్ర ఉంది. పూర్వం టెలిఫోను కార్యాలయాలలోనూ విమానాలలోనూ మైనం పూసిన దారంతో తీగలను మోపులు కట్టేవారు. ఆ దారం లాగి లాగి విమాన కర్మాగారాల పనివాళ్ళ చేతులు కాయలు కాచేవి. అది చూసి మారస్ లోగన్ అనే ఆయన చేసిన పళ్ళపట్టీ 1958లో వెలువడింది. ఇప్పుడు ఎలక్ట్రికల్ కొట్లలో గుప్పెడు కొద్దిగా దొరికే ప్లాస్టిక్ పట్టీ అదే. బిగిస్తే కోయడమే గాని విప్పడం లేదు. నాకు నచ్చినది రెండవది. స్విట్జర్లండులో జార్జ్ ద మెస్త్రాల్ తన కుక్క బొచ్చుకు అంటుకొన్న కాయలను పరీక్షించి, వాటి కొక్కేలను చూసి కల్పించిన అంటుపట్టీ. చేలగట్టున నడిస్తే పంచె అంచుకు ఉత్తరేణి గింజలు పట్టుకొనడం ఎరిగినవారికి దాని కిటుకు వివరించనక్కరలేదు. చిన్నప్పుడు మేము వాటిని గిల్లుకొని పారవేశామే తప్ప మరొక ఆలోచన చేయలేదు.

పొడవయిన కరెంటు తీగను బిగుతుగా చుట్టకట్టి దానిమీద బరువు పరికరాలు వాడవద్దు. చుట్టలో వేడి నిలుస్తుంది. ఇది నాకు మా ఎలక్ట్రీషియను చెప్పాడు, చేయి పెట్టి చూస్తే నిజమే.

తీగలకు చీటీలు కట్టేటప్పుడు పోయిన పట్టికలోని మాటలు కొన్ని జ్ఞాపకం వచ్చాయి. సేద్యగాడి ఇంట్లో తాళ్ళు బోలెడు, కాని ఒకటి ఇంకొకదానితో కలిసేది కాదు. ఎద్దును కట్టేది పలుపు, దూడను కట్టేది తలుగు, తోలేటప్పుడు చేత పట్టేది పగ్గం, బరువు లాగేది మోకు, బావిది చేంతాడు. ప్రతిదానికీ ఒక పేరు, గోడకు ఒక కొయ్య. నా బల్లకింద అన్నీ వైర్లే.

ఇప్పుడు పద్నాలుగు ఎనిమిదయ్యాయి. ఆ అనామకపు తీగను కూడా బయటికి లాగాను. ఒక కొస వెడల్పాటి మైక్రో మూతి. కిందపడిన హార్డుడిస్కుదే అది. నా కాలు పడ్డ తీగ. డిస్కును తీసి దాచిన తొందరలో అది బల్లకిందే ఉండిపోయింది. దాని మూతి ఇంట్లో మరే పరికరానికీ పట్టదు. హైదరాబాదులో దెబ్బతిన్న డిస్కులనుంచి రాతలు బయటికి తీసేవారున్నారు, పంపిద్దామంటున్నాడు మా అబ్బాయి. తీగను చుట్టి డిస్కుతోపాటు డబ్బాలో పెట్టి, చీటీ కట్టాను. దానిమీద 'పలుపు' అని రాశాను.