అమడపిల్లలకు రెండు ఉగ్గుగిన్నెలు

పుస్తకాల్లో కవలలని రాసుకుంటాం గాని, మా దెందులూరు వైపు ముసలమ్మలు అమడపిల్లలనే అనేవారు. ఆడపిల్లల్ని జంట అరటిపండు ముట్టనిచ్చేవారు కాదు. ఎందుకో మీకు తెలుసు! ముచ్చట పడాల్సిన చోట ఆ భయమెందుకంటే, కవలలు చాలావరకు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుడతారు. ఆ పసిగుడ్లకు రొమ్ము పట్టి తాగే ఓపిక ఉండదు. పైగా బాలింతరాలి చుట్టూ చేరి, “నీ పాలు ఇద్దరికీ ఎక్కడ చాలుతాయే?” అని సన్నాయినొక్కులు.

దానికి ఇంట్లో ఉన్న జవాబు ఉగ్గుగిన్నె. అరచేతిలో ఇమిడే గిన్నె, పిట్టముక్కులాంటి మూతి. కలిగినవాళ్ళకి వెండిది, లేనివాళ్ళకి ఇత్తడిది. తల్లిపాలు పిండి, బిడ్డ పెదవికి ఆనించి చుక్కచుక్కగా పట్టడమే. అమడలైతే పుట్టింటివాళ్ళు రెండు తేవాలి. ఒకటే తెచ్చారా, ఆ దెప్పుడు మనవలు పుట్టేదాకా నిలుస్తుంది!

తర్వాత సీసా వచ్చింది. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో సీసాకి పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించి, కొస బిడ్డ నోట్లో పెట్టి తల్లి తన పని చూసుకునేది. ఆ గొట్టం లోపల కడగడం ఎవరితరం? పసివాళ్ళు చచ్చిపోతుంటే దానికి హంతకి సీసా అని పేరు పడింది. ఫ్రాన్సులో 1910లో చట్టం చేసి గొట్టం సీసాలు మాన్పించారు. గొట్టం పోయి నిపుల్ మిగిలింది. మనకి దాంతోపాటు పాలపొడి డబ్బా వచ్చింది. బొద్దుపిల్లాణ్ణి గ్లాక్సో బేబీ అని మురుసుకున్న రోజులవి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇద్దరితో తెల్లవార్లూ జాగారం చేసే తల్లికి సీసా దేవుడిలా కనబడుతుంది. కాని కొల్లేటివైపు ఊళ్ళలో చెరువునీళ్ళు కాచి, రోజుకి పదహారుసార్లు సీసాలు ఉడకబెట్టేదెవరు? ఏలూరు నుంచి తెచ్చిన డబ్బా త్వరగా అయిపోతుందని పొడి తగ్గించి నీళ్ళు పెంచడం ఇంకొకటి. 1992లో మన పార్లమెంటు పాలడబ్బాల, సీసాల ప్రకటనలను చట్టంతో నిషేధించింది.

విచిత్రం చూడండి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రొమ్ము పట్టలేని తక్కువ బరువు బిడ్డలకు గిన్నెతోనో, చెంచాతోనో, పాలాడైతోనో పట్టమంది. పాలాడై అంటే ఎవరో కాదు, మన ఉగ్గుగిన్నెకు అరవదేశపు అక్క!

అలాగని అమ్మమ్మలు చేసిందంతా వేదం కాదు. ఆ గిన్నెలోనే ఆముదం పోసేవారు, వసకొమ్ము అరగదీసి నాకించేవారు. ఆరునెలలదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దని డాక్టర్ల మాట. ఇక పాలు చాలవన్న బెంగకి వస్తే, బిడ్డలు తాగేకొద్దీ పాలు పడతాయి. చాలామందికి ఇద్దరికీ సరిపడానే పడతాయి. రెండుపక్కలా తలగడలు పెట్టుకుని ఇద్దరికీ ఒకేసారి ఇవ్వచ్చు. పిండి ఉంచితే, తల్లి కునుకు తీసే వేళ నాన్న పట్టచ్చు. నాన్నేనండీ!

ఎవరికి పట్టామో గుర్తుండద్దూ? ఉత్తరకాండలో వాల్మీకి, పెద్దవాణ్ణి దర్భల పైభాగంతో, రెండోవాణ్ణి కిందిభాగంతో తుడవమన్నాడు. అలా కుశుడు, లవుడు అయ్యారు. మనవాళ్ళు ఒకడి కాలికి నల్లతాడు కడతారు. దాంతోపాటు కాలెండరు పక్కన పెన్సిలు వేలాడదీసి, పాలు పట్టిన వేళలు ఎవరివి వాళ్ళకి రాసుకోండి. లేకపోతే గట్టిగా ఏడ్చేవాడికి రెండుసార్లు అందుతుంది, మెతకవాడు పస్తు పడుకుంటాడు.