సామాన్యుని వంశచరిత్ర

శాసనములు రాజులను స్మరించును. జమీందారుల వంశావళులను కవులు గ్రంథస్థము గావించిరి. అరక గట్టి దున్నిన మన ముత్తాత పేరు మాత్ర మే శిలమీఁదను గానరాదు. అట్టివాని జాడకు సముద్రమున కావల నొక యాధారము గలదని మనవి చేయుచున్నాము.

1860 మొదలు 1911 వఱకు దక్షిణాఫ్రికాలోని నేటాలునకు, ముఖ్యముగాఁ జెఱకు తోఁటలపనికై, మన దేశమునుండి లక్షన్నరకుఁ బైగా జనులు ఒడంబడికపై నోడ లెక్కిరి. మదరాసునుండి బయలుదేఱిన మొదటి యోడ ‘ట్రూరో’ 1860 నవంబరు 16వ తేదీని డర్బను చేరెను. తరువాతి యోడలలో విశాఖపట్టణము జిల్లావారును బెక్కురు పోయిరి. ఓడ పట్టికలలో నొక్కొక్కరికి సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహముపైఁ గల గుర్తులును వ్రాయఁబడినవి. కూలీల లెక్కకై దొరలు వ్రాయించిన యా పట్టికయే నేఁడు బీదవాని వంశచరిత్రకు మూలమైనది.

ఐనను దానిలో నింటిపేరునకు గడి లేదు. అచ్చటఁ గొందఱు సంతతివారు తాత పేరునే యింటిపేరుగాఁ జేసికొనిరి. ఆ తాత యన్నదమ్ములది యే యిల్లో చెప్పవలసినవారము మనమే. ఆ యెఱుక మన వృద్ధుల నోళ్లయందున్నది. 1971లో నుక్కు కర్మాగారమునకు శంకుస్థాపన మైన పిమ్మట నీ ప్రాంతమునఁ బెక్కు పల్లెలు లేచిపోయినవి. ఊరే లేనిచోఁ బట్టికలోని యూరిపేరు నానవాలు పట్టు టెట్లు?

కావున నింటిపేరు, గోత్రము, పాత యూరు, వలసపోయినవారి పేర్లు వృద్ధుల నడిగి నేఁడే వ్రాసి యుంచుఁడు. వారు గతించినపిదప నడుగుట కెవ్వరు నుండరు.